"ఇన్‌స్టలేషన్ ఫ్రీ" అని బాత్‌టబ్ అమ్ముతారు, డ్రైనేజ్ సంగతి మాత్రం చెప్పరు

బెంగళూరులో ఫ్లాట్‌కి మార్పులు చేయించుకుంటున్న మనవాళ్ల కోసం ఇది. ఫ్రీస్టాండింగ్ టబ్, అంటే గోడకు ఆనకుండా విడిగా నిలబడే టబ్, కొనేముందు ఒకసారి చదవండి. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షోరూమ్ పేరు రాయడం లేదు.

మారతహళ్లిలో మా ఫ్లాట్‌కి షోరూమ్ మనిషి వచ్చాడు. టబ్ నిలబెట్టి, అడుగున మడతల ఫ్లెక్సిబుల్ పైపు తగిలించి, రెండో కొసను నేల మీది జాలీలోకి దూర్చి, చుట్టూ సిలికాన్ పూసి వెళ్లిపోయాడు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. నిండా నింపి ప్లగ్ తీశాక అసలు కథ మొదలైంది. 200 లీటర్లకు పైగా నీళ్లు ఒక్కసారిగా వచ్చేసరికి జాలీ లాగలేక ఎగదన్నింది, నీళ్లు బెడ్‌రూమ్‌లోకి వచ్చేశాయి. టబ్ కింద బిగింపు దగ్గర కారింది మాత్రం మాకు కనపడనే లేదు. కింద ఫ్లాట్ సీలింగ్ మీద చెమ్మ తేలాక తెలిసింది. ఆ ఆంటీ మర్యాదగానే అడిగారు గానీ మాకు తల కొట్టేసినట్టయింది.

షోరూమ్‌కి ఫోన్ చేస్తే, "అది సివిల్ వర్క్ సార్, మాకు సంబంధం లేదు" అన్నారు. ఆ ముక్క డబ్బు కట్టించుకునేటప్పుడు ఎవరూ అనలేదు.

తర్వాత వేరే ప్లంబర్ విప్పి చూపించాడు. బకెట్ స్నానానికి వేసిన జాలీ టబ్ నీళ్లకు చాలదు. టబ్ వేస్ట్, అంటే నీళ్లు దిగే రంధ్రం, వచ్చే చోటికే నేల కింద నుంచి విడిగా 40 లేదా 50 ఎంఎం పైపు రావాలి, అదీ టైల్స్ వేయకముందే. వాలు మీటరుకు 2 నుంచి 2.5 సెంటీమీటర్లు. మధ్యలో 50 ఎంఎం ఎత్తున నీళ్లు నిలిచే వంపు పైపు (ట్రాప్) లేకపోతే మోరీ వాసన నేరుగా బాత్రూమ్‌లోకే. మడతల పైపులో వెంట్రుకలు, సబ్బు జిడ్డు పేరుకుంటాయి, పైగా టబ్ ఎత్తితే తప్ప చేయి పట్టదు. బాత్రూమ్ స్లాబ్ కిందికి దింపి ఉంటే ఇదంతా అందులో ఇముడుతుంది. లేకపోతే టబ్‌కి గట్టు కట్టాల్సిందే. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక కనీసం 24 గంటలు నీళ్లు కట్టి చూడకుండా టైల్స్ వేయనివ్వకండి.

బరువు సంగతి కూడా చూసుకోండి. 250 లీటర్ల నీళ్లంటే 250 కిలోలు. దానికి టబ్, మనిషి కలపండి. ఇళ్లలో బాత్రూమ్ నేలకు ఐఎస్ 875 (కట్టడాలు మోయాల్సిన బరువులు చెప్పే భారతీయ ప్రమాణం) ప్రకారం లెక్కగట్టేది చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు. పాత బిల్డింగ్ అయితే స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి చూపించాకే ఆర్డర్ ఇవ్వండి.

ఇక 25 లీటర్ల గీజర్ ఒక్కసారి కాగితే చన్నీళ్లు కలుపుకున్నా వచ్చేది డెబ్బై లీటర్ల లోపే, టబ్‌లో మూడో వంతు కూడా నిండదు. 2024 వేసవిలో తాగునీటితో కారు కడిగితే ₹5,000 జరిమానా అన్న ఊళ్లో టబ్ ఎందుకని మా అత్తగారు అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

కొనేవాళ్లు బిల్లు మీదే రాయించుకోండి: వేస్ట్ పైపు, ట్రాప్ ఎవరు వేస్తారు, లీకైతే ఎవరు బాధ్యులు. టబ్ నిండా నింపి, మొత్తం వదిలి, కింద ఫ్లాట్ సీలింగ్ చూశాకే మిగతా డబ్బు ఇవ్వండి. ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు బిల్లు, ఫొటోలు, వాట్సాప్ మెసేజ్‌లు దాచుకొని 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఆ వీలు ఇచ్చింది. మేమూ ఆ కాగితాలే సిద్ధం చేసుకుంటున్నాం.