బొమ్మ డ్రోనా, సిమ్యులేటరా, జీపీఎస్ డ్రోనా: చేయి తిరగడానికి ఏది మేలు?

మా బావమరిది భీమవరంలో పెళ్లిళ్లకు వీడియోలు తీస్తాడు. ఈసారి ముహూర్తాల నాటికి సొంత డ్రోన్ ఉండి తీరాలని అరవై వేలు పక్కన పెట్టుకుని నాకు ఫోన్ చేశాడు. "బావా, ఒకేసారి మంచిది కొనేయమంటావా, ముందు బొమ్మ దాని మీద నేర్చుకోమంటావా?" అని అడిగాడు గానీ, అతని మనసులో జవాబు ముందే ఉంది. జీపీఎస్ ఉన్న డ్రోన్‌ను గాలిలో వదిలేస్తే గుంజకు కట్టేసినట్టు నిలబడుతుంది. రెండు మూడు వేల బొమ్మ మాత్రం గదిలో ఫ్యాన్ వేస్తే చాలు, వెళ్లి గోడకు కొట్టుకుంటుంది. సాధువైన దాన్ని వదిలి మొండిదాని మీద ఎవరైనా నేర్చుకుంటారా?

ఆ మొండితనం కోసమే బొమ్మ కొనమన్నాను.

జీపీఎస్ డ్రోన్ కదలకుండా నిలబడినప్పుడు దాన్ని నిలబెడుతున్నది మనం కాదు. పైనున్న ఉపగ్రహాల సంకేతాలు, గాలి పీడనాన్ని బట్టి ఎత్తు చెప్పే సెన్సర్, నేలను చూస్తూ ఉండే కింది కెమెరా, దిక్సూచి కలిసి క్షణక్షణం దాన్ని సరిదిద్దుతుంటాయి. మనం 'ఇటు వెళ్లు' అని చెబుతున్నామంతే. ఇది గొప్ప సౌకర్యమే. కానీ వాటిలో ఒకటి తప్పు చెప్పిన రోజున డ్రోన్ బరువంతా ఒక్కసారిగా మన బొటనవేళ్ల మీద పడుతుంది. అప్పటిదాకా పని లేని వేళ్లు అవి.

నాకు ఆ రోజు మొదటి వారంలోనే వచ్చింది. అత్తగారింటి మేడ మీద నుంచి లేపాను. స్లాబులో ఇనుప చువ్వలుంటాయని, వాటి పక్కన దిక్సూచి దారి తప్పుతుందని అప్పటికి నాకు తెలియదు. పది అడుగులు లేచిందో లేదో, గిరగిరా సుడి తిరుగుతూ పక్కకు జారడం మొదలుపెట్టింది. కంగారుగా రిమోట్ స్టిక్కును కుడికి తోశాను. దాని ముఖం నా వైపు ఉంది కాబట్టి అది నా ఎడమకు వెళ్లింది. ఇంకా గట్టిగా కుడికి తోశాను. ఆ ఎడమ వైపునే కొబ్బరి చెట్టు ఉంది. మర్నాడు దింపు తీసే మనిషి వచ్చి, రెండు రెక్కలు విరిగిన డ్రోన్‌తో పాటు నాలుగు బోండాలు కూడా దింపి ఇచ్చాడు. బోండాలు బాగున్నాయి.

ఇక్కడ నా చేతికి తెలియనిది ఒక్కటే. డ్రోన్ తోక మన వైపు ఉన్నప్పుడు మన కుడి, దాని కుడి ఒకటే. ముఖం మన వైపు తిరిగితే కుడి ఎడమలు తారుమారు. ట్రాక్టర్ ట్రాలీని వెనక్కి తోలడం నేర్చుకున్నవాళ్లకు ఈ తికమక తెలుసు. స్టీరింగ్ ఎటు తిప్పాలో మెదడుకు తెలుసు, చేయి మాత్రం రెండోవైపు తిప్పుతుంది. చదివితే పోయేది కాదు ఇది, చేసి చేసి పోవాలి. చేసే ప్రతిసారీ కొబ్బరి చెట్టు ఎక్కించలేం కాబట్టి, పడినా పరవాలేని దానితో చేయాలి.

బొమ్మ డ్రోన్ విలువ అక్కడుంది. వంద గ్రాములు కూడా ఉండదు, రెక్కల చుట్టూ కంచె ఉంటుంది, సోఫా మీద పడితే మళ్లీ లేస్తుంది. జారిపోతూనే ఉంటుంది కాబట్టి మన వేళ్లు ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉండవు. దీని మీద పది రోజులు రోజూ రెండు బ్యాటరీలు ఖర్చు చేస్తే చాలు. ముందు తోక మన వైపు పెట్టి ఒక నిమిషం ఒకేచోట నిలపాలి. తర్వాత పక్కకు తిప్పి, ఆ తర్వాత ముఖం మన వైపు పెట్టి అదే పని. అది కుదిరాక రెండు కుర్చీల చుట్టూ ఎనిమిది అంకె వేయాలి. టూవీలర్ లైసెన్సు పరీక్షలో వేసే ఎనిమిదే, కాకపోతే ఇక్కడ కాలు కింద పెట్టే వీలు లేదు. బొమ్మల్లో చాలావాటికి హెడ్‌లెస్ మోడ్ అని ఒక మీట ఉంటుంది. అది నొక్కితే ముఖం ఎటున్నా కుడి కుడిగానే పనిచేస్తుంది. నేర్చుకునే పది రోజులూ దాని జోలికి వెళ్లకండి. మనం కష్టపడి నేర్చుకోవాల్సిన ఒకే ఒక్క సంగతిని అది దాచేస్తుంది.

బొమ్మకు లోపాలు లేవని కాదు. ఒక్కో బ్యాటరీ ఆరేడు నిమిషాలకే అయిపోతుంది. ఆరుబయట కొంచెం గాలి వీచినా పక్కింటి డాబా చేరుతుంది. దాని కెమెరాతో తీసినదాన్ని ఎవరికీ చూపించలేం. ఇది హాల్లో నేర్చుకునే చదువు, అంతవరకే.

మరి సిమ్యులేటర్, అంటే కంప్యూటర్ తెర మీద డ్రోన్ నడిపించే ప్రోగ్రామ్? ఇంట్లో ఓ మోస్తరు కంప్యూటర్ ఉండి, యూఎస్‌బీ ద్వారా దానికి తగిలించే అసలైన రిమోట్ ఉంటే బొమ్మకంటే ఇదే మెరుగని కొందరంటారు. ఒక్క విషయంలో నిజమే. వంద సార్లు కూల్చినా పైసా ఖర్చుండదు, బ్యాటరీ నిండే దాకా ఆగనక్కరలేదు. ముఖం తిరిగినప్పటి తికమక ఇందులోనూ పోతుంది. అయితే దూరం అంచనా రాదు. తెర మీద చెట్టు ఎంత దూరంలో ఉందో తెలియడం వేరు, పొలం గట్టు మీద నిలబడి ఆకాశంలోని చుక్క చెట్టుకు ఇవతల ఉందా అవతల ఉందా అని తేల్చుకోవడం వేరు. పైగా తెర మీద భయం ఉండదు. భయంలో చేయి ఎలా బిగుసుకుంటుందో తెలియాలంటే నిజంగా ఏదో ఒకటి పడిపోవాలి. ఫోన్ తెర మీద వేలితో ఆడే డ్రోన్ ఆటలు మాత్రం ఎందుకూ పనికిరావు. నడిపే అలవాటు రావాలంటే స్టిక్కులు బొటనవేళ్ల కింద ఉండాలి.

కంప్యూటర్ ఇప్పటికే ఉంటే సిమ్యులేటర్‌ను బొమ్మకు తోడుగా పెట్టుకోండి. దానికోసమని కంప్యూటర్ కొనవద్దు.

ఇక జీపీఎస్ డ్రోన్. దీన్ని నేను తీసిపారేయడం లేదు. చివరికి సినిమా తీసేది దీనితోనే. మన దేశంలో 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపువి నానో, అక్కడి నుంచి 2 కిలోల దాకా మైక్రో. తేడా కొన్ని గ్రాములే అయినా మా బావమరిదిలాంటివాళ్లకు అదే పెద్ద గీత. నానో నడపడానికి పైలట్ సర్టిఫికెట్ అక్కరలేదు, థర్డ్ పార్టీ బీమా కూడా తప్పనిసరి కాదు. మైక్రోను సరదాకు ఎగరేసినంత కాలం సర్టిఫికెట్ అడగరు. అదే మైక్రోతో డబ్బు తీసుకుని పెళ్లి వీడియో తీస్తే అది వ్యాపారం, సర్టిఫికెట్ ఉండాలి. చైనా కంపెనీ డీజేఐ చేసే మినీ డ్రోన్లు 249 గ్రాములుండటం వెనుక కారణం ఇలాంటి గీతలే. అమెరికాతో పాటు చాలా దేశాల్లో 250 గ్రాముల దగ్గరే నిబంధనలు మారతాయి.

కానీ డీజేఐ అనగానే ఇంకో మాట చెప్పాలి. 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతిని కేంద్రం నిషేధించింది. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు తప్ప పూర్తిగా తయారైన డ్రోన్ రాకూడదు, విడిభాగాలు రావచ్చు. కాబట్టి ఎవరో తెలిసినవాళ్లు దుబాయ్ నుంచి తెచ్చారని బిల్లు లేకుండా చవకగా ఇస్తానంటే ఆశపడవద్దు. బరువు నానో అయినంత మాత్రాన రిజిస్ట్రేషన్ నంబరు అక్కరలేదని అనుకోవద్దు. నిబంధనలు మీరితే లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

ఎక్కడ ఎగరేయాలన్నది ఎలా ఎగరేయాలన్నదానికంటే ముందు తేల్చుకోవాలి. డ్రోన్ల కోసం ప్రభుత్వం ఇచ్చే మ్యాపులో పచ్చ రంగున్నచోట 400 అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అక్కరలేదు. విమానాశ్రయం ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఆ హద్దు 200 అడుగులకు తగ్గుతుంది. ఇంకా దగ్గరైతే నేల మీద నుంచి లేపడానికే అనుమతి కావాలి. హైదరాబాద్‌లో మేముండే అల్వాల్‌కు ఒక పక్క బేగంపేట విమానాశ్రయం, ఇంకో పక్క హకీంపేట వైమానిక స్థావరం. అందుకే నా డ్రోన్ ఇక్కడ అలమరా దాటి బయటికి రాదు. భీమవరం వాళ్లకు ఆ బాధ లేదు. చుట్టూ కోతలైన వరిచేలు, పొద్దున్నే గాలి లేని ఆకాశం. నేర్చుకునేవాడికి అంతకంటే మంచి మైదానం దొరకదు.

ఆ ఊళ్లో ఉన్న ప్రమాదాలు వేరు. ఒకటి చెరువులు. నీటి మీద తక్కువ ఎత్తులో వెళ్తే కింది కెమెరాకు ఆనవాలు దొరకదు, కదిలే అలను నేల అనుకుని డ్రోన్ తనంతట తానే జారిపోతుంది. రొయ్యల చెరువులో పడినదాన్ని వెతకాలంటే చెరువు యజమానిని బతిమాలుకోవాలి. రెండోది కరెంటు తీగలు. ఫోన్ తెరలో అవి కనిపించవు, కంటితో చూడాలి. మూడోది మధ్యాహ్నం మొదలయ్యే సముద్రపు గాలి. కింద ఆకు కదలకపోయినా నూరడుగుల పైన గాలి గట్టిగా ఉండవచ్చు. ముందు ఎదురుగాలికి వెళ్లి గాలివాటుగా తిరిగి రావాలి. తిరగేసి చేస్తే, వెళ్లేటప్పుడు హాయిగా వెళ్లిన డ్రోన్ వచ్చేటప్పుడు దారిలోనే బ్యాటరీ అయిపోగొట్టుకుంటుంది. ముప్పై శాతం మిగిలి ఉండగానే దింపేయడం నా అలవాటు. సంక్రాంతి వారంలో అసలు తీయను. మాంజా దారం రెక్కకు చుట్టుకుంటే ఏ జీపీఎస్ కూడా కాపాడలేదు.

జీపీఎస్ డ్రోన్ కొన్నవాళ్లు ఎక్కువగా నమ్ముకునేది 'ఇంటికి రా' మీటను. సిగ్నల్ పోయినా బ్యాటరీ తగ్గినా లేచినచోటికి తనే వచ్చేస్తుంది, నిజమే. అయితే ముందు మనం పెట్టిన ఎత్తుకు నిటారుగా లేస్తుంది, ఆ తర్వాత సూటిగా వస్తుంది. ఆ ఎత్తు దారిలోని సెల్ టవర్‌కంటే తక్కువైతే టవర్‌కు తగులుతుంది. పెళ్లి షామియానా కింద ఉండగా కంగారులో ఆ మీట నొక్కితే పైకి లేచి గుడ్డలో చిక్కుకుని వధూవరుల మీద పడుతుంది. మా బావమరిది వృత్తిలో ఆ మీటకంటే అతని వేళ్లే నమ్మదగినవి కావాలి.

శిక్షణ సంస్థలో చేరితే పోదా అని చివరికి అడిగాడు. పోతుంది, కానీ అతనికి ఇప్పుడే అక్కరలేదు. పదో తరగతి పాసై, 18 నుంచి 65 ఏళ్ల మధ్య ఉన్నవారెవరైనా గుర్తింపు పొందిన సంస్థలో కొద్ది రోజుల శిక్షణ పూర్తిచేసి, పదేళ్లు చెల్లే సర్టిఫికెట్ తీసుకోవచ్చు. హైదరాబాద్‌లో తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ కూడా ఈ శిక్షణ ఇస్తుంది. పొలాలకు మందు చల్లే డ్రోన్లు గానీ, సర్వే డ్రోన్లు గానీ నడిపి బతకాలనుకుంటే బొమ్మా వద్దు, సిమ్యులేటరూ వద్దు, నేరుగా అక్కడికే వెళ్లమంటాను. పెళ్లి వీడియోలకు నానో చాలనుకునేవాడు మాత్రం ఆ ఫీజును రెండు అదనపు బ్యాటరీలకు, ఒక జత రెక్కలకు పెట్టుకోవడం మేలు.

అన్నీ విని, "అయితే అరవై వేలలో మూడు వేలు బొమ్మకు, మిగతాది సంక్రాంతి దాటాక నానోకు, అంతేనా బావా?" అన్నాడు. అంతే అన్నాను. రోహిణి కార్తె ఎండలో బ్యాటరీలు కారులో వదలకూడదని, ఉబ్బినదాన్ని చార్జింగ్ పెట్టకూడదని మాత్రం రెండుసార్లు చెప్పాను.

నిన్న రాత్రి ఫోన్ చేశాడు. బొమ్మ డ్రోన్ అటకెక్కిందట, అక్షరాలా. ముఖం తన వైపు ఉండగా కుడికి తోశాడట. మా అత్తగారు బూజు కర్రతో దింపుతున్నారు.