అప్పు తీర్చాక పెళ్లా, పెళ్లి చేసుకుని అప్పు తీర్చడమా: ఏది మేలు?

పెళ్లి సంబంధం కుదిరేటప్పుడు జీతం, పొలం, ఇల్లు, బంగారం గురించి రెండు కుటుంబాలూ వివరంగా అడిగి తెలుసుకుంటాయి. ఆ జీతంలో ఎంత భాగం నెలనెలా పాత బాకీలకు పోతోందని మాత్రం ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. ప్రేమించుకుని పెళ్లికి సిద్ధపడినవారి మధ్య కూడా ఈ ఒక్క విషయం చివరిదాకా మరుగునే ఉండిపోతుంది. అప్పు ఉన్నవారి మనసులో రెండు ఆలోచనలు పెనుగులాడుతుంటాయి: బాకీలన్నీ తీర్చేదాకా పెళ్లి వాయిదా వేయడం ఒకటి, పెళ్లి చేసుకుని ఇద్దరి సంపాదనతో తీర్చుకోవడం రెండోది. లెక్క వేసి చూస్తే ఈ రెండింటి మధ్య తేడా పెళ్లి తేదీ వల్ల కంటే పెళ్లి ఖర్చు వల్ల ఎక్కువగా వస్తుందని, తేదీ గురించి జరిగే వాదనలో సగం అనవసరమని నా అభిప్రాయం.

మాటలతో తేలే విషయం కాదు కనుక హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న ఒక జంటను ఊహించుకుందాం. అతని చేతికి వచ్చే జీతం నెలకు 62,000 రూపాయలు, ఆమెది 48,000. అతనికి మూడు బాకీలున్నాయి: క్రెడిట్ కార్డు మీద 1,40,000, చెల్లెలి పెళ్లికి ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోటు రాసి తెచ్చిన 2,00,000, చదువుకోసం బ్యాంకులో తీసుకున్న విద్యా రుణంలో మిగిలిన 6,00,000. విద్యా రుణం 10.5 శాతం వడ్డీతో ఇంకా ఏడేళ్లు నడుస్తుంది, దాని కిస్తీ సుమారు 10,100. గది అద్దె, భోజనం, ప్రయాణాలకు 25,000, ఇంటికి 8,000 పోగా అతనికి నెలకు 18,900 మిగులుతుంది.

మొదట వాయిదా మార్గాన్ని చూద్దాం. కార్డు మీద నెలకు 3.5 శాతం వడ్డీ అంటే 4,900 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 882, మొత్తం 5,782. బ్యాంకు కనీస మొత్తంగా 5 శాతం, అంటే 7,000 కట్టమంటే, కట్టినవారు బాధ్యత నెరవేరిందనుకుంటారు గానీ అసలులో తగ్గేది 1,218 రూపాయలే. పైగా పాత బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్తగా కార్డు గీకిన ప్రతి రూపాయికీ ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది, మామూలుగా ఉండే వడ్డీలేని గడువు వర్తించదు. అందువల్ల అతను కార్డును పూర్తిగా పక్కన పెట్టి, నోటు మీద నెలకు 4,000 వడ్డీ కడుతూ, మిగిలిన 14,900 కార్డుకే జమ చేస్తే ఆ బాకీ తీరడానికి ఏడాది పడుతుంది. తరువాత 18,900 మొత్తం నోటుకు కడితే అది తీరడానికి మరో ఏడాది. రెండేళ్లలో 3,40,000 అసలుకు అతను చెల్లించేది సుమారు 4,56,000.

వడ్డీ ఎక్కువ ఉన్నదాన్ని ముందు తీర్చాలా, చిన్న బాకీని ముందు తీర్చి ధైర్యం తెచ్చుకోవాలా అన్న ప్రశ్నకు ఈ ఉదాహరణలో తావు లేదు, ఎందుకంటే కార్డు బాకీయే చిన్నది, దాని వడ్డీయే పెద్దది. చాలామంది విషయంలో ఇలాగే ఉంటుంది. అయినా ఊళ్లో పరువు పోతుందన్న భయంతో ముందుగా నోటు బాకీ తీర్చి, కార్డును కనీస మొత్తంతో నెట్టుకొచ్చేవారు ఎక్కువ. పరువు గురించి వారి భయాన్ని నేను తక్కువ చేయను. అయితే నోటు ఇచ్చిన మనిషికి నెలనెలా వడ్డీ తప్పకుండా చేరుతూ, ఏడాది తరువాత అసలు మొదలవుతుందని ముందే చెబితే ఆయన సాధారణంగా ఆగుతాడు. కార్డుకు అలాంటి ఓపిక లేదు.

ఈ రెండు బాకీలనూ తక్కువ వడ్డీ ఉన్న ఒకే రుణంలోకి మార్చడం వాయిదా మార్గంలోనూ, పెళ్లి మార్గంలోనూ మేలు చేసే పని. ఇక్కడ మరో పోలిక అవసరం. ఇంట్లో నగలు తాకట్టు పెట్టి బ్యాంకులో 10 శాతం వడ్డీకి బంగారు రుణం తీసుకుని, మిగిలినప్పుడల్లా జమ చేస్తూ పోతే ఇరవై నెలల్లో, సుమారు 3,70,000 చెల్లింపుతో బయటపడవచ్చు. అదే 14 శాతం వడ్డీకి పర్సనల్ లోన్ 24 నెలల గడువుతో తీసుకుంటే కిస్తీ 16,300, మొత్తం చెల్లింపు 3,92,000, ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం, దాని మీద జీఎస్టీ కలిపి మరో 8,000. రెండింటికీ తేడా 30,000 దాకా ఉంది. కానీ బంగారు రుణానికి అమ్మ మెడలోని, చేతికున్న నగల్లో నాలుగు లక్షల పైచిలుకు విలువైనవి బ్యాంకుకు చేరాలి, గడువుకు తిరగరాయాలి, తప్పితే వేలం భయం. కొడుకు పెళ్లిపీటల మీద కూర్చునే రోజు తల్లి మెడ బోసిగా ఉండటం ఆ ఇంటికి ఎంత బాధ కలిగిస్తుందో తెలిసినవారెవరూ 30,000 కోసం ఆ పని చేయమనరు. జీతం నిలకడగా ఉన్నవారికి పర్సనల్ లోనే మేలు. సిబిల్ స్కోరు తగ్గి 18 శాతం వడ్డీ పడినా, ఫీజు పోను, పాత పద్ధతితో పోలిస్తే 40,000 దాకా మిగులుతుంది. ముందుగా తీర్చేస్తే వేసే రుసుము ఎంతో సంతకానికి ముందే అడగాలి. స్థిర వడ్డీ పర్సనల్ లోన్లకు ఆ రుసుము ఉండటం మామూలే. ఖాళీ అయిన కార్డును మళ్లీ వాడటం మొదలుపెడితే మాత్రం ఒక బాకీ స్థానంలో రెండు నిలుస్తాయి కనుక, దాని పరిమితిని తగ్గించుకోవడమో కార్డు రద్దు చేయించుకోవడమో ఆ వారంలోనే జరగాలి.

ఇక వెంటనే పెళ్లి చేసుకునే మార్గం. ఇద్దరి జీతం కలిపి 1,10,000. ఒక ఇంటి అద్దె, సరుకులు, కరెంటు, ప్రయాణాలకు 48,000, రెండు వైపుల తల్లిదండ్రులకు 16,000, విద్యా రుణానికి 10,100, కొత్త లోనుకు 16,300 తీసేస్తే నెలకు 19,600 మిగులుతుంది. ఇది చిన్న మొత్తం కాదు. అయితే పెళ్లి ఖర్చుకని 5,00,000 అప్పు చేసి ఉంటే? 14 శాతం వడ్డీకి ఐదేళ్ల గడువుతో దాని కిస్తీ 11,600. మిగులు 8,000కు పడిపోతుంది. ఒక ఆసుపత్రి ఖర్చు, ఒక ప్రసవం, ఉద్యోగం మారేటప్పుడు నెల రోజుల విరామం, వీటిలో ఏది వచ్చినా మళ్లీ కార్డు బయటికి వస్తుంది. రెండు రోజుల వేడుకకు తెచ్చిన ఐదు లక్షలకు ఐదేళ్లలో దాదాపు రెండు లక్షల వడ్డీ కట్టి, చివరి కిస్తీ కట్టేనాటికి పిల్లను బడిలో చేర్చే వయసు వచ్చి ఉంటుంది. ఈ లెక్కను ఒకసారి కాగితం మీద వేసి రెండు కుటుంబాల పెద్దల ముందు పెట్టిన జంటలు మన చుట్టూ ఎందరు ఉన్నారో ఆలోచించండి.

కాబట్టి అప్పు ఉన్నవారు వాయిదా వేయవలసినది పెళ్లిని కాదు, ఆడంబరాన్ని. అన్నవరం సత్యదేవుని కొండ మీద ఏటా ఎన్నో కుటుంబాలు తక్కువ ఖర్చుతో పెళ్లిళ్లు చేసుకుంటున్నాయి, వాటిలో స్థితిమంతుల కుటుంబాలు కూడా ఉన్నాయి. తిరుమలలో పాపవినాశనం దారిలోని కల్యాణ వేదికలో తిరుమల తిరుపతి దేవస్థానం ఉచితంగా వివాహాలు జరిపిస్తోంది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇచ్చి ముప్పై రోజుల తరువాత రిజిస్ట్రారు ఎదుట పెళ్లి చేసుకునే వీలు ఉంది. పెద్దలకు బంధువులను పిలవలేదన్న లోటు ఉంటుంది, అది నిజమైన లోటే. బాకీలు తీరిన ఏడాది సత్యనారాయణ వ్రతం పెట్టుకుని అందరినీ భోజనానికి పిలిస్తే ఆ లోటు చాలావరకు తీరుతుంది.

పెళ్లయ్యాక డబ్బు ఎలా నడపాలన్నది అసలైన పోలిక. రెండు జీతాలూ ఒకే ఖాతాలో వేసి, అందులోంచే అతని పాత బాకీ కట్టడం ఒక పద్ధతి. ఇంటి ఖర్చును జీతాల నిష్పత్తిలో పంచుకుని, ఎవరి పాత బాకీ వారే కట్టుకోవడం ఇంకొకటి. మొదటిది త్వరగా ముగుస్తుంది. మిగిలే 19,600 కూడా లోనుకే జమ చేస్తే పది నెలల్లో అది తీరిపోతుంది. రెండో పద్ధతిలో 48,000 ఖర్చులో అతని వాటా 27,000, ఆమె వాటా 21,000. తన ఇంటికి పంపేదీ, రెండు కిస్తీలూ పోగా అతనికి మిగిలేది 600 రూపాయలు, ఆమెకు మిగిలేది 19,000. చూడటానికి ఇది అతని పట్ల కఠినంగా ఉంది. అయినా నేను రెండో పద్ధతినే సమర్థిస్తాను. ఎనిమిది నెలల్లో ఆమె దగ్గర 1,52,000 పోగవుతుంది. అది మూడు నెలల ఇంటి ఖర్చుకు సరిపడే మొత్తం, అంటే ఆపద వచ్చినా ఎవరి గుమ్మమూ ఎక్కనవసరం లేని ధీమా. ఆ ధీమా కుదిరాక, ఆమె తనంతట తాను భర్త బాకీకి సాయం చేయాలనుకుంటే చేయవచ్చు, ఆ మొత్తాన్ని ఇద్దరికీ కనిపించే చోట రాసుకోవాలి. మొదటి నెల నుంచే ఆమె జీతం అతని పాత బాకీలోకి పోతే, ఆ డబ్బు ఎవరు ఎవరి కోసం కట్టారన్న లెక్క పది నెలల తరువాత ఏ చిన్న మాట పట్టింపులోనైనా పైకి లేస్తుంది.

చట్టం కూడా ఈ విభజనకే అనుకూలంగా ఉంది. మన దేశంలో పెళ్లి వల్ల భర్త పాత అప్పు భార్యకు గానీ, భార్య పాత అప్పు భర్తకు గానీ సంక్రమించదు, ఇద్దరి సిబిల్ నివేదికలూ కలిసిపోవు. ఆ రక్షణ ఒక్క సంతకంతో పోతుంది. సహ రుణగ్రహీతగా చేరినవారికి ఆ అప్పు తమది కూడా అవుతుంది. హామీదారుగా సంతకం చేసినా, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం హామీదారు బాధ్యత అసలు రుణగ్రహీత బాధ్యతతో సమానం. కలిసి కొనే ఇంటికి కలిసి సంతకం చేయడం సబబు, పాత బాకీని తిరగరాసేటప్పుడు మాత్రం కొత్త కోడలి సంతకం అడగకూడదు. ఆమె నగల విషయం మరీ స్పష్టం. స్త్రీధనం పూర్తిగా ఆమెదేనని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో చెప్పింది, కష్టకాలంలో భర్త వాడుకున్నా తిరిగి ఇవ్వవలసిన బాధ్యత ఉందని 2024లో మరోసారి చెప్పింది. పుట్టింటివారు పెట్టిన నగలతో అల్లుడి బాకీ తీర్చుకోవచ్చన్న ఆలోచన ఎవరికైనా ఉంటే, ఆ పెళ్లి మాటలు అక్కడితో ఆపడం మంచిది.

నిశ్చితార్థానికి ముందే ఇద్దరూ తమ క్రెడిట్ నివేదికలు ఒకరికొకరు చూపించుకోవాలి. ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను సిబిల్ లాంటి ప్రతి క్రెడిట్ సమాచార సంస్థా ఉచితంగా ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. అయితే మన ప్రాంతపు అప్పుల్లో చాలా భాగం ఆ నివేదికలో కనిపించదు. ఊళ్లో రాసిన నోటు, స్నేహితుల దగ్గర చేబదులు, బావ కోసం పెట్టిన జామీను, ఇవి నోటితో చెబితేనే తెలుస్తాయి. అన్నిటికంటే ఎక్కువగా మరుగున పడేది చీటీ. పాడుకుని ఎత్తుకున్న చీటీకి ఇంకా కట్టవలసిన నెలవారీ వాయిదాలన్నీ అప్పే, దాన్ని పొదుపు ఖాతాలో రాసుకునేవారు తమను తామే మోసగించుకుంటారు. నోటు బాకీకి కట్టిన ప్రతి మొత్తాన్నీ నోటు వెనక చెల్లు రాయించుకోవాలి, పూర్తిగా తీర్చిన రోజున నోటు కాగితం చేతికి తీసుకోవాలి.

విద్యా రుణాన్ని తొందరపడి తీర్చనవసరం లేదు. పాత పన్ను విధానంలో ఉన్నవారికి దాని వడ్డీ మీద ఆదాయపు పన్నులో ఎనిమిదేళ్ల వరకు మినహాయింపు ఉంది, వడ్డీ కూడా మిగిలినవాటి కంటే తక్కువ. ఇల్లు కొనాలనుకున్నప్పుడు మాత్రం లెక్క మారుతుంది. 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల గృహరుణంలో లక్షకు కిస్తీ 868 రూపాయలు కనుక, నెలకు 10,100 విద్యా రుణానికి పోతున్నంతకాలం బ్యాంకు ఇచ్చే గృహరుణంలో పదకొండున్నర లక్షల దాకా కోత పడుతుంది. మరొక జాగ్రత్త కూడా ఉంది. పెళ్లయిన వెంటనే అతను టర్మ్ జీవిత బీమా పాలసీ తీసుకుని, 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద భార్య పేరున రాయిస్తే, అతనికి ఏదైనా జరిగినప్పుడు ఆ డబ్బు మీద అప్పులవాళ్లకు హక్కు ఉండదు.

పెళ్లిని నిజంగానే వాయిదా వేయవలసిన సందర్భం ఒకటుంది. పైన చెప్పిన లెక్కలన్నీ ఆగిపోయిన అప్పుకు, అంటే ఇక పెరగని అప్పుకు వర్తిస్తాయి. ఆన్‌లైన్ బెట్టింగు వల్లనో, ఒక లోన్ యాప్ బాకీ తీర్చడానికి మరొక యాప్‌లో తీసుకోవడం వల్లనో బాకీ నెలనెలా పెరుగుతుంటే, ఇద్దరి జీతాలూ కలిపినా అది తీరదు, పెళ్లయితే బాధ్యత తెలుస్తుందన్న పెద్దల మాట అక్కడ పనిచేయదు. అలాంటప్పుడు అవతలివారు ఆరు నెలల బ్యాంకు, కార్డు స్టేట్‌మెంట్లు అడగడానికి మొహమాటపడకూడదు. వరుసగా ఆరు నెలలు కొత్త అప్పు ఒక్కటీ లేకుండా పాత బాకీ తగ్గుతూ వస్తే ముహూర్తం పెట్టించుకోవచ్చు. మధ్యలో ఒక్క నెల పెరిగినా ఆ ఆరు నెలలూ మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాలి.