పాత ఫొటోల కైరో: టూర్‌కి డబ్బులు కట్టొద్దు, మీరే తిరగండి

కైరోలో మా హోటల్ రిసెప్షన్‌లో ‘పాత ఫొటోల కైరో’ అని ఒక వాకింగ్ టూర్ అంటగట్టారు. మనిషికి 1,500 ఈజిప్షియన్ పౌండ్లు. వచ్చిన గైడ్ దగ్గర ఒక్క పాత ఫొటో లేదు! తిన్నగా ఖాన్ అల్ ఖలీలీ బజారుకి తీసుకెళ్లి పాపిరస్ (రెల్లు కాగితం మీద బొమ్మలు) షాపులో, అత్తరు షాపులో గంటన్నర కూర్చోబెట్టాడు. మసీదుల సంగతేంటని అడిగితే మూసేశారన్నాడు. మా కళ్లముందే జనం లోపలికి వెళ్తున్నారు. డబ్బులు వాపసు అడిగితే రిసెప్షన్‌లో తమకు సంబంధం లేదన్నారు. మావారు భోజనం వేళ దాకా నోరు విప్పలేదు. 60 పౌండ్ల కోషరీ (అన్నం, పప్పు, మాకరోనీ కలిపిన ఈజిప్టు వంటకం) ప్లేటు కడుపులో పడ్డాకే కాస్త చల్లబడ్డారు.

మర్నాడు మేమే బయల్దేరాం. ఫోన్‌లో సేవ్ చేసుకున్న పాత ఫొటోలే మాకు గైడ్.

ఖైర్‌బక్ మసీదుని ఫ్రెంచి కళాకారుడు జిరో ద ప్రాంజే 1843లో వెండి పూసిన రాగి రేకు మీద ఫొటో తీశాడు. డాగెరోటైప్ అంటారే, అది. అందులో కుడి ఎడమలు తారుమారవుతాయి. అందుకే ముందు ఫోన్‌లో బొమ్మని అద్దంలో చూసినట్టు తిప్పి, అప్పుడు మీనారుతో పోల్చి చూసుకోండి.

అన్నిటికన్నా నాకు నచ్చింది సిటడెల్ కోట మీది నుంచి కనిపించే దృశ్యం. ఇంగ్లీషు ఫొటోగ్రాఫర్ ఫ్రాన్సిస్ ఫ్రిత్ 1850లలో ఇక్కణ్ణుంచే ఫొటో తీశాడు. అందులో సుల్తాన్ హసన్ మసీదు ఒక్కటే ఠీవిగా నిలబడి ఉంటుంది. ఇప్పుడు దాని పక్కనే అంత ఎత్తున అల్ రిఫాయీ మసీదు ఉంది. అది పూర్తయింది 1912లో. ఫోన్‌నీ ఊరినీ మార్చి మార్చి చూస్తుంటే నాకు ఒళ్లు పులకరించింది.

అల్ హాకిమ్ మసీదు దగ్గర నేను నిరుత్సాహపడ్డాను. 1013లో పూర్తయిన కట్టడం. పాత ఫొటోల్లో కూలిన ఆర్చీలే కనిపిస్తాయి. 1980లో దావూదీ బోహ్రాలు (మన దేశంలోనూ ఎక్కువగా ఉండే ఒక షియా ముస్లిం వర్గం) బాగుచేయించారు. ఆ తళతళలాడే పాలరాతిలో పాత గోడని వెతుక్కోవాల్సి వచ్చింది. మావారికి మాత్రం అదే నచ్చింది. ముంబై నుంచి వచ్చిన బోహ్రా కుటుంబంతో హిందీలో అరగంట కబుర్లు చెప్పారు.

మసీదుల్లో చెప్పులు చూసుకునేవాళ్లకి మనిషికి 20 పౌండ్లు చాలు, ఎక్కువ అడిగితే ఇవ్వకండి. శుక్రవారం మధ్యాహ్నం మసీదులు పెట్టుకోవద్దు. సిటడెల్‌కి పొద్దున్నే వెళ్లండి, సాయంత్రమైతే ఎండ కళ్లలో కొట్టి ఫొటోలు రావు.