యూఎన్‌డీపీ జెండర్ సూచీలు: ఎక్కడ పనికొస్తాయి, ఎక్కడ తప్పుదారి పట్టిస్తాయి

జెండర్ బడ్జెట్‌ను, అంటే ప్రభుత్వ ఖర్చులో మహిళలకు ఏం దక్కిందో పరిశీలించేవారు, మహిళా సంఘాల తరఫున ప్రభుత్వాన్ని నిలదీసేవారు ముందుగా తెరిచేది ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం (యూఎన్‌డీపీ) మానవాభివృద్ధి నివేదికల డేటా పేజీనే. అన్నీ ఉచితం, ఎక్సెల్‌లోకి దింపుకోవచ్చు, లెక్క కట్టే పద్ధతి మొత్తం టెక్నికల్ నోట్స్‌లో ఉంటుంది. ఇంత బాహాటంగా లెక్క చూపించే సేవలు తక్కువ. అయితే ఆ నోట్స్ చదవకుండా స్కోరు ఎత్తి రాస్తే వాదన నిలబడదు.

2010లో మొదలైన లింగ అసమానత సూచీలో ఐదు కొలతలున్నాయి: ప్రసూతి మరణాలు, టీనేజీ ప్రసవాలు, చట్టసభల్లో సీట్లు, మాధ్యమిక విద్య, శ్రామిక శక్తిలో భాగస్వామ్యం. ఇక్కడ సున్నా మంచిది, 1 చెడ్డది. మొదటి రెండింటికీ మగవారి వైపు పోల్చే అంకె ఉండదు కాబట్టి వారికి 1 వేస్తారు. దాంతో ఆసుపత్రులు అందుబాటులో లేని పేద దేశం స్కోరులో స్త్రీపురుషుల తేడా, పేదరికం కలగలిసిపోతాయి. విడదీయాలంటే స్కోరు పక్కనపెట్టి ఐదు కాలమ్‌లనూ విడివిడిగా చదవాలి.

జెండర్ డెవలప్‌మెంట్ ఇండెక్స్ వేరు. అది స్త్రీల మానవాభివృద్ధి సూచీని (హెచ్‌డీఐ: ఆయుష్షు, చదువు, ఆదాయం కలిపిన కొలత) పురుషుల హెచ్‌డీఐతో భాగించగా వచ్చేది. ఇందులో ఆదాయం దగ్గర జాగ్రత్తగా ఉండాలి. పురుషుల వేతనంలో స్త్రీల వేతనం ఎంతో చెప్పే నిష్పత్తి దొరకని దేశానికి 0.8 అని అనుకుని లెక్క కడతారు. అలాంటి దేశంలో వేతన వివక్ష తగ్గిందని ఈ అంకె చూపించి చెప్పడం సరికాదు.

అన్నిటికన్నా పెద్ద లోటు, జీతం లేని ఇంటిపని రెండు సూచీల్లోనూ లేకపోవడం. 64 దేశాల సర్వేల ఆధారంగా రోజుకు 1,640 కోట్ల గంటలు ఈ చాకిరీకి పోతున్నాయనీ, అందులో 76.2 శాతం ఆడవాళ్లే చేస్తున్నారనీ 2018లో అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌వో) లెక్కగట్టింది. మరి లింగ అసమానత సూచీ ఏం చేస్తుంది? ఆడవాళ్లు బయట పనిలోకి వస్తే చాలు, స్కోరు మెరుగుపడుతుంది. ఎంత కూలికి వచ్చారో, ఇంటికెళ్లాక ఎన్ని గంటలు చేస్తున్నారో దానికి పట్టదు. ఆర్థిక న్యాయం గురించి మాట్లాడేవారికి ఇది చిన్న లోపం కాదు.

అందుకే పక్కన కాలవినియోగ సర్వే, అంటే మనుషులు రోజులో ఏ పనికి ఎంత సమయం వెచ్చిస్తున్నారో అడిగే సర్వే, తప్పకుండా పెట్టుకోవాలి. వాడేముందు అది 24 గంటల డైరీయో కాదో చూడండి. ఒకే సమయంలో చేసే రెండు పనుల్ని నమోదు చేశారో లేదో చూడండి. ముఖ్యమైన పనినే రాసుకునే సర్వేలో, వంట చేస్తూ బిడ్డను చూసుకున్న గంట వంట కిందే పోతుంది. ఇంటిపనికి విలువ కట్టేటప్పుడు, ఆ పనికి మనిషిని పెట్టుకుంటే ఇచ్చే కూలి లెక్కే మేలు. ఆమె బయట సంపాదించగలిగిన జీతంతో కడితే, బజారులోని వేతన వివక్ష మన లెక్కలోకీ దిగుతుంది.

శ్రామిక శక్తి అంకెల్లోనూ ఒక గోతి ఉంది. సొంత వాడకానికి పండించుకునే పనిని ఉపాధిగా లెక్కించకూడదని 2013లో అంతర్జాతీయ శ్రామిక గణాంకవేత్తల 19వ మహాసభ తీర్మానించింది. దేశాలు ఈ నిర్వచనానికి ఒకేసారి మారలేదు. హఠాత్తుగా ఆడవాళ్ల శ్రామిక భాగస్వామ్య రేటు పడిపోయినచోట, ఆడవాళ్లు పని మానేశారని రాసేముందు నిర్వచనం మారిందేమో చూడాలి.

నిరుటి నివేదికలోని ర్యాంకును ఈ ఏటి ర్యాంకుతో పోల్చకండి. పాత డేటాను కూడా సవరిస్తుంటారు కాబట్టి, తాజా టైమ్ సిరీస్ ఫైలు దింపుకొని అందులోని విలువల్నే పోల్చాలి.