వైజాగ్ పార్కుల్లో నాన్నకో బెంచీ

వైజాగ్ వెళ్ళొచ్చినవాళ్ళు ఫోటోలు చూపిస్తారు గానీ ఎక్కడ కూర్చున్నారో చెప్పరు. మాకు కావలసింది అదే. మా నాన్నకి రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయి ఏడాది దాటింది. నడుస్తారు, కానీ పది నిమిషాలకోసారి కూర్చోవాలి. మా వాడికి ఆరేళ్ళు. వాడు కూర్చోడు. ఈ ఇద్దర్నీ వెంటేసుకుని ఫిబ్రవరిలో ఏలూరులో పొద్దున్నే రత్నాచల్ రైలు ఎక్కాను. మధ్యాహ్నానికి వైజాగ్‌లో దిగాం.

ముందు బస సంగతి. సముద్రం కనిపించే గది అని ఆన్‌లైన్‌లో చూసి, బీచ్ రోడ్డుకి దగ్గర్లో ఒక లాడ్జి బుక్ చేశాను. గది మూడో అంతస్తులో. లిఫ్టు రిపేరులో ఉందట. ఆ మాట ముందే ఫోన్లో చెప్పుంటే ఏం పోయేది? నాన్న మెట్టుకోసారి ఆగి, రెయిలింగ్ పట్టుకుని ఎక్కారు. పైకెళ్ళి కిటికీ తీస్తే రెండు అపార్ట్‌మెంట్ల మధ్య సందులో తువ్వాలంత సముద్రం. మర్నాడు పొద్దున్నే ఖాళీ చేసి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర గది తీసుకున్నాం. అక్కడ సముద్రమూ లేదు, గాలీ లేదు. కానీ లిఫ్టు పనిచేస్తుంది, కింద టిఫిను దొరుకుతుంది, బయటికొస్తే ఎటైనా బస్సుంది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి నేనైతే అక్కడే ఉండమంటాను.

ఆ గది వల్ల ఇంకో లాభం కూడా కలిగింది. నడిచి వెళ్ళే దూరంలో సెంట్రల్ పార్కు. ఒకప్పుడు సెంట్రల్ జైలు ఉన్న స్థలం అది. పక్క రోడ్డుని ఇప్పటికీ జైలు రోడ్డనే అంటారు. ఎత్తుపల్లాలు లేని బాట, కూర్చోడానికి చోటు. గొప్పగా చెప్పుకోడానికి ఏమీ లేదు గానీ, రాత్రి భోజనానికి ముందు గంటసేపు గడపడానికి మాకు అదే సరిపోయింది. నాన్న ఒక రౌండు నడిచి, "జైల్లో ఇంత గాలి ఉండేదా" అన్నారు.

ఇక కైలాసగిరి. ఆటో అతను మమ్మల్ని చూడగానే "ఏటమ్మా, కైలాసగిరేనా?" అన్నాడు, మా మొహాల మీద రాసున్నట్టు. కొండ మీదికి రోడ్డుంది, బస్సు వెళ్తుంది, రోప్‌వే ఉంది. మేం రోప్‌వేలో వెళ్ళాం, మావాడి గొడవ పడలేక. పైన తెల్లటి శివపార్వతుల విగ్రహాలు నలభై అడుగుల ఎత్తు ఉంటాయి. వాటి ముందు ఫోటోల కోసం అందరూ వరసలో నిలబడతారు. అంచుకి వెళ్తే కింద బీచ్ రోడ్డు మొత్తం వంపు తిరిగి కనిపిస్తుంది, దాని పక్కనే తెల్ల నురగ గీత. చూడాల్సిందే, కాదనను. కానీ మేం చేరేసరికి పదకొండయింది. నీడ ఉన్న బెంచీలన్నీ అప్పటికే నిండిపోయాయి, ఖాళీగా ఉన్నవి కాలుతున్నాయి. నాన్న తువ్వాలు మడత పెట్టి వేసుకుని కూర్చుని, "సముద్రం ఎక్కడి నుంచైనా కనిపిస్తుందే అమ్మలూ, నీడేదీ?" అన్నారు. ఆ పూటని కాపాడింది చిన్న రైలు. కొండ చుట్టూ తిప్పుకొస్తుంది, కూర్చునే అన్నీ చూడొచ్చు. మావాడి కంటే నాన్నే ఎక్కువ సంబరపడ్డారు. మళ్ళీ వెళ్తే నాలుగు దాటాకే వెళ్తాను.

ఈ నాలుగు దాటాక అనే లెక్క మాకు రెండో రోజు గాని అర్థం కాలేదు. వైజాగ్‌కి సముద్రం తూర్పువైపు. పొద్దున్న ఎనిమిదికల్లా ఎండ సూటిగా మొహం మీద కొడుతుంది, నీళ్ళ మీద పడి మళ్ళీ కొడుతుంది. సాయంత్రమైతే సూర్యుడు ఊరి వెనక్కి పోతాడు, మేడల నీడ రోడ్డు దాటి ఇసుక మీదికి వస్తుంది. కాబట్టి బీచ్ రోడ్డు మీద ఏది చూడాలన్నా తెల్లారగట్ల గానీ, సాయంత్రం గానీ. మధ్యాహ్నం భోంచేసి పడుకోవాలి.

ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మావాడి పట్టుదల మీద చూశాం. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విశ్రాంతి తీసుకుంది. మరుసటి ఏడాది ఇసుక మీదికి లాక్కొచ్చి మ్యూజియం చేశారు. తొంభై ఒక్క మీటర్ల పొడవు. బయటి నుంచి చూస్తే పెద్దదే, లోపల మాత్రం ఒకరి వెనక ఒకరు ఒదిగి నడవాలి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి తలుపుల్లోంచి కాలెత్తి, తల వంచి దూరాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని తీసుకెళ్ళకండి. నాన్న బయట గట్టు మీద మూరీ మిక్చర్ పొట్లంతో కూర్చున్నారు. మేం వచ్చేసరికి రెండో పొట్లం నడుస్తోంది. లోపల వివరించిన ఆయన నౌకాదళంలో పనిచేసి రిటైరైన మనిషి. పడక ఎంత ఇరుకో చూపించి, "ఇందులో పడుకునేవాళ్ళం బాబూ" అంటుంటే మావాడు నోరు తెరిచి విన్నాడు. సోమవారం సెలవు. జూ కూడా సోమవారమే సెలవు, కాబట్టి ఆదివారం రాత్రి దిగి సోమవారం తిరుగుదామనుకునేవాళ్ళు చూసుకోండి.

ఆదివారం జూకి వెళ్ళి మేం తప్పు చేశాం. జనం. 1977లో తెరిచిన పార్కు, 625 ఎకరాలు, చుట్టూ కంబాలకొండ అడవి. నడవడం మావల్ల కాదని బ్యాటరీ బండి కోసం నిలబడితే అక్కడే చాలాసేపయింది. అయినా ఊరు మొత్తంలో ఇంత నీడ ఇంకెక్కడా లేదు. నా మాట అడిగితే, మామూలు రోజు పొద్దున్నే వెళ్ళి, బండి ఎక్కి, నచ్చినచోట దిగి చెట్టుకింద పులిహోర తినాలి. హైవే దాటితే కంబాలకొండ ఎకో పార్కు. బోటింగు ఉంది, అడవిలో నడక ఉంది. వయసులో ఉన్నవాళ్ళకి బాగుంటుంది. మేం గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాం.

రుషికొండ గురించి రెండు ముక్కలు. శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ అది. పిల్లల్ని నీళ్ళలో దింపాలంటే అక్కడే, లైఫ్‌గార్డులుంటారు. ఆర్కే బీచ్‌లో అలలు లాగేస్తాయి, అక్కడ మోకాలు దాటి దిగనివ్వద్దు. తెన్నేటి పార్కులో రాళ్ళు, అలలు అందంగా ఉంటాయి. 2020 అక్టోబరులో వాయుగుండానికి బంగ్లాదేశ్ ఓడ ఒకటి కొట్టుకొచ్చి ఆగింది అక్కడే. కానీ కిందికి మెట్లు. నాన్న పైనుంచే దణ్ణం పెట్టేశారు.

మరుగుదొడ్ల సంగతి ఎవరూ రాయరు, నేను రాస్తాను. ఒకచోట తలుపుకి గడియ లేదు, నేను బయట నిలబడి కాపలా కాశాను. ఇంకోచోట నీళ్ళు లేవు. ఏ పార్కుకి వెళ్ళినా చేతిలో నీళ్ళ సీసా ఉంచుకోండి, తాగడానికి ఒకటి, దానికి ఒకటి.

మా ముగ్గురికీ నచ్చింది మాత్రం వుడా పార్కు. వుడా అంటే పాత నగరాభివృద్ధి సంస్థ. అది పోయి వీఎంఆర్‌డీఏ అని కొత్త సంస్థ వచ్చి ఏళ్ళయినా ఊళ్ళో ఎవరూ పేరు మార్చలేదు. బీచ్ రోడ్డు మీదే ఉంది. కానీ లోపలికి వెళ్ళాక సముద్రం సంగతి మర్చిపోతాం. పచ్చిక, చెట్లు, బెంచీ పక్కన బెంచీ. మావాడు స్కేటింగ్ రింకు చుట్టూ ఉన్న కంచె పట్టుకుని కదల్లేదు. నాలుగేళ్ళ పిల్లలు కూడా హెల్మెట్లు పెట్టుకుని రయ్యిమని పోతుంటారు, పక్కన అమ్మలు టిఫిన్ డబ్బాలతో కాచుక్కూర్చుంటారు. ఒక పాప పడి, లేచి, ఏడుద్దామా వద్దా అని చుట్టూ చూసి, ఎవరూ చూడట్లేదని మళ్ళీ మొదలుపెట్టింది.

నాన్న పక్కన స్టీల్ ప్లాంటులో చేసి రిటైరైన ఒక పెద్దాయన కూర్చున్నారు. రోజూ వస్తారట. "హుద్‌హుద్‌కి ముందు చూడాల్సింది మాస్టారూ ఈ పార్కు" అన్నారు. 2014 అక్టోబరు 12న ఆ తుఫాను ఊరి మీదికొచ్చి చెట్లని పెకలించేసింది. మర్నాడు పొద్దున్న తన వీధి తనకే గుర్తుపట్టలేకుండా పోయిందని, ఆకు ఉన్న కొమ్మ ఒక్కటీ కనిపించలేదని చెప్పుకొచ్చారు. కొండ మీద నీడ కోసం నాన్న విసుక్కున్నది నాకు గుర్తొచ్చింది. నాన్నకీ వచ్చినట్టుంది, ఒక్క మాటా అనలేదు.

రైలు రోజు పొద్దున్న ఎక్కడికి వెళ్దామంటే, ఇంకా చూడనివి ఉన్నా, నాన్న వుడా పార్కే అన్నారు. వెళ్ళేసరికి ఆ పెద్దాయన అదే బెంచీ మీద, పక్కన చేతిసంచి పెట్టుకుని కూర్చున్నారు. మమ్మల్ని చూసి సంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.