కాల్వినిజమా, అర్మీనియనిజమా: రక్షణ విషయంలో ఏది మేలు?

"కాల్విన్ బోధ వాక్యానుసారమా, అర్మీనియస్ బోధ వాక్యానుసారమా? ఏదో ఒకటి తేల్చి చెప్పండి" అని ఈ మధ్య నన్ను చాలామంది అడుగుతున్నారు. ఎవరిని రక్షించాలో దేవుడే ముందుగా ఏర్పరచుకుని వారి మనసు మారుస్తాడని పదహారో శతాబ్దపు సంస్కర్త కాల్విన్ బోధించాడు. దేవుడిచ్చే కృపను అందుకోవాలో తోసిపుచ్చాలో మనిషి చేతిలో ఉందని ఆయన తరవాతి డచ్ బోధకుడు అర్మీనియస్ అన్నాడు. కాల్విన్ పక్షపు బోధను అయిదు అంశాలుగా కుదించి చెప్పే పేరే టులిప్. టులిప్‌లోని అయిదు అంశాలేమిటో తెలిసినవారి కోసమే ఇది రాస్తున్నాను కాబట్టి వాటిని మళ్లీ వివరించను. నా మొగ్గు కాల్విన్ వైపే. ఆ సంగతి ముందే చెబుతున్నాను, అవతలి పక్షానికి న్యాయం చేస్తున్నానో లేదో చదివేవారే చూసుకోవచ్చు.

అసలు విషయంలోకి వెళ్లే ముందు రెండు అపవాదులు తొలగిపోవాలి. మనిషి తన శక్తితో రక్షణ సంపాదించుకుంటాడని అర్మీనియన్లు చెబుతారన్నది మొదటి అపవాదు. అర్మీనియస్ 1609లో చనిపోయాడు. మరుసటి ఏడాది ఆయన అనుచరులు అయిదు అంశాలతో ఒక విన్నపం సమర్పించారు. అందులో మూడో అంశం చూడండి: దేవుడు పరిశుద్ధాత్మ ద్వారా తిరిగి జన్మింపజేస్తే తప్ప మనిషి నిజమైన మేలేదీ తలచలేడు, కోరలేడు, చేయలేడు. ఇలా ఒప్పుకున్నవాళ్లను మనిషి తన శక్తితోనే మేలు చేయగలడన్న పెలేజియస్ పక్కన నిలబెట్టడం అన్యాయం. మనిషిని కాల్వినిస్టులు మరబొమ్మను చేశారన్నది రెండో అపవాదు. ఆ విన్నపానికి జవాబుగా 1618-19లో నెదర్లాండ్స్‌లోని డోర్ట్‌లో జరిగిన మహాసభ, కృప మనుషులను మొద్దుల్లా, రాళ్లలా చూడదని తన తీర్మానాల్లో రాసింది. కృప మనిషి చిత్తాన్ని తీసేయదు. దాన్ని బతికిస్తుంది, స్వస్థపరుస్తుంది, మధురంగానూ బలంగానూ దేవుని వైపు వంచుతుంది. ఆ తీర్మానాలను చదవకుండానే తిట్టేవాళ్లు ఎక్కువ. చదివితే అవి ఎంత కాపరి మనసుతో రాసినవో తెలుస్తుంది.

కృప లేనిదే రక్షణ లేదని ఇద్దరూ అంటారు. ముందు అడుగు దేవునిదేనని కూడా ఇద్దరూ ఒప్పుకుంటారు. మరి తేడా ఎక్కడ? నా దృష్టిలో ఈ చర్చంతా ఒక్క ప్రశ్న దగ్గర తేలుతుంది. ఒకే సువార్త విని, ఒకే కృప అందుకున్న ఇద్దరిలో ఒకరు నమ్మి మరొకరు నమ్మలేదంటే, ఆ తేడా ఎవరివల్ల వచ్చింది?

అర్మీనియస్ దీనికి ఇచ్చిన జవాబు తేలిగ్గా తీసేయదగింది కాదు. ఆకలితో ఉన్న బిచ్చగాడికి ధనవంతుడు దానం చేస్తే, ఆ బిచ్చగాడు చెయ్యి చాచాడు కాబట్టి అది దానం కాకుండా పోతుందా అని ఆయన అడిగాడు. విశ్వాసం అంటే ఆ చాచిన చెయ్యే. అందులో గొప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు. అంతవరకు నేనూ ఒప్పుకుంటాను. కానీ ఇద్దరు బిచ్చగాళ్లను ఊహించండి. ఇద్దరిదీ ఒకే ఆకలి, ఇద్దరి చేతులకూ దాత ఒకే బలమిచ్చాడు, ఒకడు చాచాడు, ఒకడు ముడుచుకున్నాడు. కృప ఇద్దరికీ సమానమే అయినప్పుడు ఆ తేడా కృపలోంచి వచ్చి ఉండదు. చాచినవాడిలోనే ఎక్కడో ఉండాలి. కొంచెం మెత్తని మనసో, కొంచెం వివేకమో, ఏదో ఒకటి. సరిగ్గా దాన్నే పౌలు 1 కొరింథీ 4:7లో మన దగ్గర్నుంచి లాగేసుకుంటాడు. నీకు ఆధిక్యం కలుగజేసేదెవరు, నీకున్నవాటిలో నువ్వు పొందనిది ఏముంది అని అడుగుతాడు. అంతకుముందు విశ్వాసం మన వంతు అనుకున్న తొలినాటి సంఘ బోధకుడు అగస్టీన్ మనసు మార్చుకోవడంలో ఈ వచనానికి పెద్ద పాత్ర ఉంది.

ఫిలిప్పీలో ఏం జరిగిందో చూడండి. విశ్రాంతిదినాన పట్టణపు గవిని దాటి, నది ఒడ్డున కూడివచ్చిన స్త్రీలతో పౌలు మాట్లాడుతున్నాడు. వింటున్నవాళ్లలో ఊదారంగు అమ్ముకునే లూదియ ఉంది. ఆమె అప్పటికే దైవభక్తి గలది, వినాలనే వచ్చింది. అయినా లూకా ఆమె భక్తిని కారణంగా చూపడు. ప్రభువు ఆమె హృదయం తెరిచాడు, అందుకే పౌలు మాటలపై లక్ష్యముంచింది అంటాడు. విన్నది లూదియే, నమ్మింది లూదియే, తన ఇంటికి రమ్మని పట్టుబట్టిందీ లూదియే. తెరిచింది మాత్రం ప్రభువు.

మన ప్రార్థనలూ ఇదే చెబుతాయి. అన్నకోసమో కూతురికోసమో మోకరించినప్పుడు "ప్రభువా, నువ్వు చేయాల్సింది చేసేశావు, ఇక వాళ్ల ఇష్టం" అని ఎవరూ ప్రార్థించరు. "వాళ్ల మనసు మార్చు, కళ్లు తెరువు" అనే వేడుకుంటాం. అర్మీనియన్ సోదరులు కూడా కన్నీళ్లతో ఇదే అడగడం నేను విన్నాను. దేవుడు అలా మార్చగలడనీ, అది ఆయన హక్కేననీ నమ్మకపోతే ఆ ప్రార్థనకు అర్థం ఉండదు.

అర్మీనియన్ల వాదనలో అసలు బలం మత్తయి 23:37లో ఉంది. కోడి తన పిల్లలను రెక్కల కింద చేర్చుకున్నట్టు నిన్ను చేర్చుకోవాలని ఎన్నోసార్లు అనుకున్నాను, "మీరు ఒల్లకపోతిరి" అని యెరూషలేమును చూసి ప్రభువు అన్న మాటలు నటన కావు. మనుషులందరూ రక్షణ పొందాలని దేవుడు ఇచ్ఛయిస్తున్నాడన్న 1 తిమోతి 2:4ని "అన్ని రకాల మనుషులు" అని కుదించేసి ఊరుకునే కాల్వినిస్టులు కొందరున్నారు. సందర్భంలో రాజుల ప్రస్తావన ఉంది కాబట్టి ఆ వివరణకు కొంత ఆధారం ఉంది. కానీ ఆ ఒక్క మాటతో దేవుని జాలిని తగ్గించేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. నశించేవారి విషయంలో ప్రభువు దుఃఖం నిజమైనది, దాన్ని తగ్గించే ఏ బోధైనా కాల్విన్ పేరు పెట్టుకున్నా సరే నాకు వద్దు.

ప్రాయశ్చిత్తం గురించి క్లుప్తంగా చెబుతాను. టులిప్‌లో దీన్ని "పరిమిత ప్రాయశ్చిత్తం" అంటారు, "పరిమితం" అన్నది దురదృష్టవశాత్తూ అతుక్కుపోయిన పేరు. క్రీస్తు మరణం లోకమంతటి పాపాలకు సమృద్ధిగా సరిపోతుందని, ఆ సువార్తను భేదం లేకుండా అందరికీ ప్రకటించాలని డోర్ట్ తీర్మానాలే చెబుతున్నాయి. ఆ మరణంతో ఎవరిని తప్పకుండా రక్షించాలని తండ్రి సంకల్పించాడు అన్నదే అక్కడి చర్చ. టులిప్ అయిదు అంశాల్లో అన్నిటికంటే ఆఖరున నేను ఒప్పుకున్నది ఇదే, దీన్ని ఇంకా ఒప్పుకోనివారితో నాకు గొడవ లేదు.

విశ్వాసి చివరిదాకా నిలుస్తాడా అన్నది అలా కాదు, ఇది రోజువారీ బతుకుకు సంబంధించింది. 1610 విన్నపంలో అర్మీనియన్లు దీన్ని తేల్చకుండా వదిలేశారు. డోర్ట్ సభ నాటికి, నిజ విశ్వాసి కూడా శాశ్వతంగా పడిపోవచ్చన్న నిర్ణయానికి వచ్చారు. ఒకసారి వెలిగింపబడి తప్పిపోయినవారిని మళ్లీ మారుమనస్సుకు తేవడం అసాధ్యమన్న హెబ్రీ 6:4-6 వాళ్ల ముఖ్య ఆధారం, అది చదివి వణకని విశ్వాసి ఉండడు. ఆ హెచ్చరికలు ఉత్తుత్తివి కావు. వాటిని వినిపించే దేవుడు తనవారిని నిలబెడతాడని నేను నమ్ముతాను. "ఒకసారి చెయ్యెత్తి ప్రార్థన చేశాను, ఇక ఎలా బతికినా పరలోకమే" అన్న ధీమాకు మాత్రం కాల్విన్ బోధలో చోటు లేదు. దావీదు, పేతురు పడినంత ఘోరంగా విశ్వాసులు పడగలరని డోర్ట్ పేర్లతో సహా రాసింది. పేతురుకు ప్రభువు ఏం చెప్పాడో గుర్తు చేసుకోండి: "నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని." కోడి కూయకముందే, బొంకు ఇంకా నోటికి రాకముందే ఆ ప్రార్థన జరిగిపోయింది. తిరిగి వచ్చాక సోదరులను స్థిరపరచమని పని కూడా ముందే అప్పగించాడు. పేతురు పట్టు సడలింది, ప్రభువు పట్టు సడలలేదు.

"మరి రక్షణకు దేవుడు ఏర్పరచుకున్నవారిలో నేనున్నానో లేదో ఎలా తెలుస్తుంది?" అనే భయం ఈ బోధతో పాటే వస్తుంది. ఈ భయంతో నిద్ర పట్టని వారితో నేను మాట్లాడాను. కాల్విన్ దీనికి నేరుగా జవాబిచ్చాడు: ఏర్పాటును నీలో వెతకొద్దు, క్రీస్తును పక్కనబెట్టి తండ్రి మరుగైన సంకల్పంలోకీ తొంగి చూడొద్దు, క్రీస్తులోనే చూసుకో. ఆయన దగ్గరికి వస్తున్నావా? వచ్చేవాణ్ణి ఎంతమాత్రమూ బయటికి తోసేయనని యోహాను 6:37లో ఆయనే అన్నాడు. ఆ వచనం మొదటి సగంలో తండ్రి ఇచ్చినవారు, రెండో సగంలో వచ్చే ప్రతివాడూ ఉన్నారు.

మధ్యేమార్గాల గురించీ అడుగుతున్నారు. ఏర్పాటు కృపవల్లనే అంటూ, విశ్వాసి పడిపోగలడని కూడా చెప్పే లూథరన్ల దారి ఒకటి. ఏ పరిస్థితిలో ఎవరు ఏం చేస్తారో దేవునికి ముందే తెలుసన్న స్పెయిన్ జెస్యూట్ బోధకుడు మోలినా సిద్ధాంతం మరొకటి, అది 1588 నాటిది. ప్రాయశ్చిత్తం ఒక్కటి మినహా మిగతావన్నీ కాల్విన్‌వే తీసుకున్న ఫ్రెంచ్ బోధకుడు అమిరో అనుచరులు ఉన్నారు. వీటిలో లూథరన్ల నిజాయితీ నాకు నచ్చుతుంది. మోలినా దారి తెలివైనదే గానీ, ఇద్దరు బిచ్చగాళ్ల ప్రశ్నను అది ఇంకో మెట్టు వెనక్కి జరుపుతుందంతే.

నేను ఎంచుకున్న వైపు ఒక భారం ఉంది, దాన్ని దాచను. లూదియ హృదయం తెరిచినవాడు అందరివీ ఎందుకు తెరవడు? అర్మీనియన్ల దగ్గర దీనికి జవాబుంది, మనిషి స్వేచ్ఛను దేవుడు గౌరవించాడు అంటారు. నా దగ్గర జవాబు లేదు. పౌలు కూడా రోమా 11:33లో ఆయన తీర్పులు శోధింప శక్యం కానివని చెప్పి ఆగిపోయాడు. అందుకే కొత్తగా ఈ బోధ విన్నవారికి రోమా 9 ఒక్కటే విడిగా చదవమని చెప్పను. 8 నుంచి 11 వరకు ఒకేసారి కూర్చుని చదవండి. కుమ్మరి, మన్ను అని రాసిన పౌలే ఆ 9వ అధ్యాయాన్ని తన జనం కోసం మానని వేదనతో మొదలుపెట్టాడు, 10వ అధ్యాయం మొదట్లోనే వాళ్ల రక్షణ కోసం దేవునికి ప్రార్థిస్తున్నానని రాశాడు.