పూడిపోయిన అగ్నిపర్వతాల వేటకు జీ-858 మాగ్నెటోమీటరు

జియోమెట్రిక్స్ వారి ఈ సీజియం మాగ్నెటోమీటరును (అయస్కాంత క్షేత్రపు బలాన్ని కొలిచే పరికరం) నెవాడాలోని అమర్గోసా ఎడారి లాంటి చోట వాడాలనుకునేవారు ముందుగా చూడాల్సింది దాని వేగం. సెకనుకు 10 రీడింగులు ఇస్తుంది. మామూలు నడకలో 12 సెంటీమీటర్లకు ఒకటి పడుతుంది. పాత ప్రోటాన్ పరికరమైతే ప్రతి పాయింటు దగ్గరా ఆగాలి. సున్నితత్వం అంకెలు చూసి మురిసిపోనక్కర్లేదు. ఒండ్రు కింద బసాల్టు (గడ్డకట్టిన లావా రాయి) ఉంటే తేడా తరచూ వందల నానోటెస్లాల్లోనే (అయస్కాంత క్షేత్రపు కొలమానం) వస్తుంది.

అక్కడి లాత్రాప్ వెల్స్ అగ్నిపర్వత శంకువు (సుమారు 77,000 ఏళ్లు) పైకే కనిపిస్తుంది. దానికి దక్షిణాన మైదానంలో అయస్కాంత సర్వేకు చిక్కిన ఒక చోట డ్రిల్ చేస్తే దాదాపు 38 లక్షల ఏళ్ల బసాల్టు తగిలింది. అలాంటిది వంద మీటర్ల లోతులో ఉందనుకుంటే లైన్ల మధ్య 50 మీటర్లు చాలు. మీటరుకో లైను నడవడం వృథా శ్రమ.

చిక్కంతా నేలమీదే. వాగుల్లో కొట్టుకొచ్చిన బసాల్టు రాళ్లు ఒకటి రెండు రీడింగుల్లో సూదిమొనల్లా ఎగుస్తాయి. సెన్సరును కనీసం 2 మీటర్ల ఎత్తున పెడితే అవి బాగా తగ్గుతాయి. ఇనుప బెల్టు బకిళ్లు, ఉక్కు రేకున్న బూట్లు, జేబులో ఫోను అసలు వద్దు. వాహనం 50 మీటర్ల అవతల ఉండాలి. బేస్ స్టేషన్‌కు (ఒకేచోట ఉంచి క్షేత్రంలో వచ్చే మార్పును నమోదు చేయడానికి) రెండో పరికరం తప్పనిసరి: రోజువారీ మార్పే పదుల నానోటెస్లాలు, అయస్కాంత తుఫాను రోజైతే సర్వే ఆపేయడమే మేలు.

సీజియం సెన్సరుకు డెడ్ జోన్లుంటాయి. భూక్షేత్రం సెన్సరు అక్షానికి గానీ, దాని అడ్డతలానికి గానీ మరీ దగ్గరైతే సిగ్నల్ పోతుంది. నెవాడాలో క్షేత్రం సుమారు 60 డిగ్రీలు వాలి ఉంటుంది కాబట్టి నిలువుగా పట్టుకున్నా నడుస్తుంది. హైదరాబాద్‌లో వాలు చాలా తక్కువ, అక్కడ సెన్సరును ఏ కోణంలో కట్టాలో ముందే చూసుకోవాలి.

మ్యాపులో గుంట (క్షేత్రం తగ్గిన చోటు) కనిపిస్తే తీసిపారేయకండి. అది తిరగబడిన ధ్రువత్వమైతే (భూక్షేత్రం ఇప్పటికి ఎదురు దిశలో ఉన్నప్పుడు గడ్డకట్టిన రాయైతే) లావా దాదాపు 7.8 లక్షల ఏళ్లకు పూర్వపుది. కానీ అక్కడికి దగ్గర్లోని యక్కా పర్వతపు టఫ్ రాళ్లు (గట్టిపడిన అగ్నిపర్వత బూడిద) భ్రంశాల (రాతిపొరలు తెగి జరిగిన పగుళ్ల) దగ్గర తెగి ఇలాంటి ఆకారాలే చూపిస్తాయి. ఏ మాగ్నెటోమీటరూ ఆ రెంటినీ ఒంటరిగా విడదీయలేదు, డ్రిల్లింగ్‌కు డబ్బు పక్కన పెట్టుకోండి. ఒక్క సీజను పనికైతే రెండు పరికరాలూ అద్దెకు తీసుకోవడమే నయం.